కోడలి ముక్క

పళ్లెం వచ్చి సరిగ్గా జిపారా మోకాళ్ల ముందు ఆగింది. పైన ఆవిరి పోతున్న గొర్రె రొమ్ముముక్క.

ఉన్ని గుడారంలో కూచున్న ఆడవాళ్లందరూ నమలడం ఆపేశారు.

"ఇదెక్కడ పెట్టావే నాజిక్?" అంది ఆ ఇంటి ఆడపడుచు కుందుజ్. గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు పెంచకుండా అడిగిందంటేనే అసలు భయం అని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

నాజిక్ ఆ వంశంలోకి ఈ మధ్యే వచ్చిన చిన్న కోడలు. పొద్దుటి నుంచీ బయట పొయ్యిలకీ లోపల గుడారానికీ మధ్య తిరిగి తిరిగి మొహం కందిపోయి ఉంది.

"ఎక్కడ పెట్టమన్నారో అక్కడే పెట్టా వదినా. మగవాళ్లు కోసి, వరసగా పేర్చి, ఇది ఫలానావాళ్లకి, అది ఫలానావాళ్లకి అని చెప్తారు. నేను మోసుకొస్తా. మొయ్యడమేగా నా పని. ఆలోచించమని ఎవరూ చెప్పలేదు."

"కళ్లు కూడా అక్కడే వదిలేసి వచ్చావా? ఏ ముక్క ఎవరిదో ఈ లోయలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు."

తెలుసు. తొంటి ఎముక పెద్దమనుషులది. తోక దగ్గరి కొవ్వు ముక్క ముసలమ్మలది. చుట్టపుచూపుగా వచ్చిన ఆడమనిషికి వెన్నుపూస. రొమ్ముముక్క మాత్రం ఆ ఇంటి కోడలిది.

జిపారా ఆ ఇంటి కోడలిగా ఉండటం మానేసి నాలుగేళ్లు.

ఈ రోజు ఆమె వచ్చింది కోడలిగా కాదు, తల్లిగా. తిలెక్ పోయి ఏడాది. పదహారేళ్లవాడు. పోయినేడు ఇదే గడ్డి కోతల్లో, ఏటవాలులో గడ్డి లారీ ఒరిగిపోయి, మోపుల కింద... ఆ మాట దగ్గరికి వచ్చేసరికి జిపారా మనసు ప్రతిసారీ పక్కకి తిరిగిపోతుంది. ఇప్పుడూ తిరిగింది.

వాడి ఏడాది భోజనం వాడి తండ్రి ఇంట్లోనే జరగాలి. అందుకని పొద్దున్నే పట్నం నుంచి కనుమ దాటి వచ్చి, నల్ల గౌను, నల్ల రుమాలుతో గుడారంలో గోడ వైపు మొహం పెట్టుకుని కూచుంది. గుర్రం దిగిన ప్రతి మనిషికీ, కారు దిగిన ప్రతి మనిషికీ శోకం పాట ఎత్తుకుంది. ఎత్తుకుని ఎత్తుకుని గొంతు బొంగురుపోయింది. అలాంటి గొంతుకి ఇప్పుడు ఈ ముక్క.

"ఏదో పొరపాటు జరిగిందిలే," అంది మూల నుంచి ఒకావిడ. "మార్చి తెస్తే సరి."

"మార్చి తేవడమేంటి?" అంది ఇంకొకావిడ. "ఏడాది భోజనంలో వడ్డించింది వెనక్కి పంపితే, పోయినవాడి మొహాన కొట్టినట్టు."

"అయితే తినమంటావా?" కుందుజ్ అటు తిరిగింది. "తింటే ఏంటో తెలుసా? ఇంతమంది ముందు నేనీ ఇంటి కోడల్ని అని చెప్పుకున్నట్టు. నువ్వూ వద్దు నీ గొర్రెలూ వద్దు అని మూట కట్టుకుని పోయిన మనిషి."

"వదినా, నా మాట నన్ను మాట్లాడనిస్తారా, అది కూడా మీరే మాట్లాడేస్తారా?" అంది జిపారా.

"మాట్లాడు. ఎవరు వద్దన్నారు?"

జిపారా అత్తగారి వైపు చూసింది. బూబూష్ ముసలమ్మ గుమ్మానికి ఎదురుగా, మడతపెట్టిన బొంతల ముందు, తస్బీ పూసలు తిప్పుకుంటూ కూచుంది. ఐదు పూటల నమాజు ఏనాడూ తప్పని మనిషి. ఒకసారి మంచులో పక్కవాళ్ల గొర్రె తమ మందలో కలిస్తే, వాళ్లు చూసుకోకముందే తాడు కట్టి స్వయంగా తోలుకెళ్లి అప్పగించి వచ్చిన మనిషి. ఇప్పుడు కూతురి వైపూ చూడలేదు, పాత కోడలి వైపూ చూడలేదు. పొద్దుటి నుంచీ ఎవరితోనూ ఒక్క మాటా లేదు.

జిపారా పళ్లెం రెండు చేతులా ఎత్తుకుని లేచింది.

"ఎక్కడికి?" అంది కుందుజ్.

"కోసినవాళ్లని అడిగొస్తా."

"అతిథులు లేవకుండా తల్లి గుడారం దాటకూడదు. అదీ మరిచిపోయావా పట్నంలో?"

"మరిచిపోలేదు వదినా. ఈ రోజు హద్దు ముందు దాటింది నేను కాదు."

నాజిక్ చటుక్కున గుమ్మం దుప్పటి పైకెత్తి పట్టుకుంది. జిపారా తల వంచుకుని బయటికి వచ్చేసింది.

*

పొయ్యిలు పశువుల పాక వెనకాల, గాలి తగలని చోట తవ్వారు. మిగతా మగవాళ్లంతా పళ్లేలు పట్టుకుని అటువైపు గుడారాల్లోకి వెళ్లారు. పెద్ద కళాయి పక్కన తిలెక్ తండ్రి ఎర్మెక్ ఒక్కడే పీట మీద కూచుని, పిండి పట్టీల్లో కలపడానికి మాంసం సన్నగా తరుగుతున్నాడు. ఏడాదిలో గడ్డం సగం నెరిసిపోయింది.

పళ్లెం చూశాడు. మొహం చూడలేదు.

"నాజిక్‌ని తిడుతున్నారు," అంది జిపారా.

"ఆ పిల్ల తప్పేం లేదు."

"తెలుసు. నీ కోత నాకు తెలియదా? ఇంకెవరన్నా అయితే అంచున ఆ మెత్తటి ఎముక తీసేసేవాళ్లు. నాకు కొరుక్కోవడం ఇష్టమని వదిలేది నువ్వొక్కడివే."

కత్తి ఆగింది, మళ్లీ కదిలింది. "గుర్తుందన్నమాట."

"ఎర్మెక్, ఇది మన పిల్లాడి ఏడాది భోజనం."

"అందుకే."

"అందుకే అంటే?"

అతను ఒక ముక్క పూర్తిగా తరిగాడు. ఇంకోటి తీసుకున్నాడు. పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది. జిపారా నిలబడే ఉంది.

"ఈ రోజుతో ఏడాది అయిపోతుంది," అన్నాడు చివరికి. "సాయంత్రం నీకు నల్లబట్టలు తీయించేస్తారు. ఇక వచ్చే గురువారం కనుమ దాటి నీ గుమ్మం ముందుకొస్తే, ఏమని చెప్పి రావాలి నేను?"

జిపారాకి కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

గురువారాల సంగతి వాళ్లిద్దరిదే. పోయినవాళ్ల పేరు మీద గురువారం నూనె కాచి రొట్టెలు వేస్తారు. ఆ వాసనే వాళ్లకి చేరే తిండి. తిలెక్ పోయిన కొత్తలో, పట్నంలో తన ఒంటిగదిలో రొట్టెలు వేస్తూ, పొగ బయటికి పోవాలని తలుపు తీస్తే, మెట్ల మీద ఎర్మెక్ కూచుని కనిపించాడు. ఎంతసేపటి నుంచి కూచున్నాడో. "అక్క వేసినవి వాసన రావడం లేదు," అన్నాడు. "వాడికి నీ చేతి రొట్టె వాసనే తెలుసు." ఆమె లోపలికి రమ్మనలేదు. రెండు రొట్టెలు గిన్నెలో పెట్టి మెట్ల మీదే ఇచ్చి తలుపేసుకుంది.

పై వారం మళ్లీ వచ్చాడు. ఆ పై వారం కూడా. మంచు మొదలయ్యాక మనిషిని మెట్ల మీద కూచోబెట్టడం బాగుండదని లోపలికి రానిచ్చింది. మాటల్లేవు. ఆమె పిండి పిసికేది, అతను కిటికీ పక్కన కూచునేవాడు. ఒకసారి ఊగుతున్న తలుపు కీలు బిగించి వెళ్లాడు. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి ఉతికి ఆమె చేతులు పగిలితే, చెప్పకుండా ఒక చిన్న సీసాలో గొర్రె కొవ్వు కాచి తెచ్చిపెట్టాడు. ఆమెకి జ్వరం వచ్చిన వారం అతనే పిండి కలిపాడు. ఆ రొట్టె గోడకేసి కొడితే గోడ పగిలేలా ఉంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వినందుకు ఇద్దరికీ ఏడుపొచ్చింది. అప్పుడు మొదటిసారి ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఏడ్చారు.

కొండల మీద పచ్చిక మొలిచే వేళకి, జిపారా బుధవారం సాయంత్రం తలంటుకుని, ఎందుకు అంటుకున్నానా అని అద్దంలో తనని తాను చూసి సిగ్గుపడింది.

"అడగొచ్చుగా," అంది ఇప్పుడు. "మెట్ల మీద అడగొచ్చు. కిటికీ పక్కన కూచుని అడగొచ్చు. ఏడాదంతా నోరు కుట్టేసుకుని, ఊరందరి ముందు పళ్లెంలో పెట్టి అడగాలా?"

"అడిగితే నువ్వు కాదంటే?"

"కాదనాలనుకుంటే అంటాను."

"అప్పుడు గురువారం కూడా పోతుంది." కత్తి పలక మీద పెట్టేశాడు. "ఉన్న ఆ కాస్తా పోగొట్టుకునే ధైర్యం నాకు లేదు జిపారా. పళ్లెం అయితే, నీకిష్టం లేకపోతే పొరపాటున వచ్చిందని పక్కన పెట్టేస్తావు. అవును పొరపాటే అని నేనూ అంటా. గురువారం మాత్రం మిగులుతుంది అనుకున్నా."

"బాగానే ఆలోచించావు. కుందుజ్ వదినని ఒక్కదాన్నే మరిచిపోయావు."

"ఆవిడ్ని ఎవరు మరిచిపోగలరు," అన్నాడు. పెదవి చివర కొద్దిగా కదిలింది.

జిపారా పళ్లెం పొయ్యి గట్టు మీద పెట్టి, తనూ పక్కనే చతికిలబడింది.

"నాకీ ఇల్లంటే భయం," అంది. "పట్నంలో నా గదిలో వాడు లేడని నాకు తెలుసు. తలుపు చప్పుడైతే పక్కింటివాళ్లే అనుకుంటా. ఇక్కడ పొద్దుటి నుంచీ ప్రతి చప్పుడుకీ తల తిప్పి చూస్తున్నా. వాడి టోపీ ఇంకా ఆ మేకుకే వేలాడుతోంది."

"తీయడానికి చెయ్యి రాలేదు. నేనూ అలాగే చూస్తా, ప్రతి చప్పుడుకీ," అన్నాడు ఎర్మెక్. "ఒక్కణ్ణే చూస్తున్నా."

ఇద్దరూ కళాయిలో మరుగుతున్న పులుసు వైపు చూస్తూ కూచున్నారు. ఆమె చెయ్యి చాపి, అతని చొక్కా చేతికి అంటిన బూడిద దులిపింది. పెళ్లాంలా దులిపింది. దులిపాక తెలిసింది.

"నువ్వు ఊ అంటే, పెద్దవాళ్లు లేచేలోపే ముల్లాతో మాట్లాడతా," అన్నాడు.

"ముల్లా ఊరికే చదవడు. అడుగుతాడు."

"అడగనీ. ఏముంది అడగడానికి? కోపంలో ఒక్కసారి నోరు జారింది. ఒక్కసారి అంటే మళ్లీ నికా చదివితే సరిపోతుంది."

జిపారా అతని మొహంలోకి చూసింది. దాచడం లేదు. కల్పించడం లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు.

నాలుగేళ్ల కిందట, పిల్లాణ్ణి పట్నం బళ్లో వేస్తానని తను తీసుకుని వచ్చేసిన వారం, ఎర్మెక్ మేతకొండ మీద నుంచి ఫోన్ చేశాడు. వెనక్కి రా అన్నాడు. రానంది. నీ గొర్రెల్ని నువ్వు కాసుకో, నా కొడుకు కాయడు అంది. అప్పుడన్నాడు తలాక్ అని. చెవుల్లో హోరుమంది. అప్పుడైనా నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది. మూసుకోలేదు. "ఇంకోసారి అను చూద్దాం," అంది. అన్నాడు. "మగాడివైతే మళ్లీ అను," అంది. మళ్లీ అన్నాడు.

అతనికి గుర్తున్నది ఒకే కోపం, ఒకే మాట. రెండోదీ మూడోదీ తను గుంజితే వచ్చినవి. గుంజిన మనిషికే గుర్తుంటాయి.

చేతులు పిండిలో ఉన్నాయని ఫోన్ గట్టిగా పలికేలా పెట్టి బల్ల మీద ఉంచింది ఆ రోజు. బల్లకి అటువైపు పదమూడేళ్ల తిలెక్ లెక్కలు చేసుకుంటున్నాడు. మూడోసారి విన్నాక వాడి పెన్సిల్ ఆగిపోయింది.

ఈ ముల్లా మెత్తని మనిషే కానీ ఈ విషయంలో మాత్రం గట్టివాడు. పై ఊళ్లో ఒక జంట ఇలాగే మళ్లీ కలుస్తామని వస్తే, మూడుసార్లు అన్నాడని తేలేసరికి కుదరదనేశాడు. ఆ పిల్ల ఇంకొకణ్ణి చేసుకుని, అక్కడా చెడితేనే మొదటివాడి గుమ్మం తొక్కాలట. ఆ పిల్ల ఇప్పటికీ అన్న ఇంట్లోనే ఉంది. ఆ మొగుడు ఇప్పటికీ ఆ అన్న ఇంటి దారినే గొర్రెలు తోలుకెళ్తాడు.

"ఏమైంది?" అన్నాడు ఎర్మెక్. "మొహం అలా అయిపోయిందేం?"

"ఎర్మెక్, ఆ రోజు ఫోన్‌లో..."

"బాగుంది." పాక మలుపు దగ్గర కుందుజ్, రెండు చేతులూ నడుం మీద. "అక్కడ అతిథులు చేతులు కడుక్కోడానికి వేణ్ణీళ్లు లేక కూచున్నారు. ఇక్కడ వీళ్లిద్దరూ పొయ్యి దగ్గర చలి కాచుకుంటున్నారు. పళ్లెం సంగతి తేలిందా?"

"తేలింది అక్కా," అన్నాడు ఎర్మెక్ లేచి నిలబడి. "నేనే పెట్టా."

కుందుజ్ తమ్ముడి వైపు తిరిగింది.

"అయితే గురువారాలు కూడా నిజమే."

ఇద్దరూ నేల చూపులు చూశారు.

"పశువుల సంతకి అని చెప్పి పోతావు. మన సంత ఆదివారం రా. ఏడాది పొడుగునా లేని సంతకి పోయి, ఒక్క గొర్రె అమ్మకుండా, ఒక్క గొర్రె కొనకుండా, చొక్కా నిండా నూనె వాసన వేసుకుని వస్తావు. నేనంత వెర్రిదానిలా కనిపిస్తున్నానా?"

"తెలిసి కూడా అడగలేదేం?"

"అడిగితే మానేస్తావని." అనేశాక ఆవిడే తడబడింది. గొంతు సవరించుకుంది. "పిల్లాడు పోయాక నువ్వు తిండి మొహం చూసింది ఆ రోజుల్లోనే. అదెక్కడ తిన్నా తింటే చాలనుకున్నా."

"మరి ఇందాక లోపల నన్ను అన్ని మాటలు అన్నారేం వదినా?" అంది జిపారా.

"పట్నంలో తినడం వేరు. ఇక్కడికి రావడం వేరు." కుందుజ్ చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, గొంతు తగ్గించింది. "మొగుడు పోయి పుట్టింటికి వచ్చినదాన్ని. ఇన్నాళ్లూ ఆ పొయ్యి నా చేతిలో ఉంది కాబట్టి నేనెవరని ఎవరూ అడగలేదు. నువ్వొస్తే అది నీది. అప్పుడు టీ ఎవరు పోయాలి, ఎవరు పోయించుకోవాలి? నేను ఏ మూల కూచోవాలి? వీడు ఆలోచించాడా? నువ్వు ఆలోచించావా?"

ఎర్మెక్ కత్తి తుడవడం మొదలుపెట్టాడు. అది శుభ్రంగానే ఉంది. జిపారాకి సిగ్గనిపించింది. ఆవిడ మీద కోపం పెట్టుకోవడమే తప్ప, ఆవిడకీ ఒక భయం ఉంటుందని ఎన్నడూ తోచలేదు.

"పొయ్యి నాకెందుకు వదినా," అంది మెల్లగా. "పాలు పొంగకుండా చూసుకోవడం నాకు ఎప్పుడన్నా వచ్చిందా?"

"రాలేదు," అంది కుందుజ్ వెంటనే. "పొంగించిన పాలన్నీ పోగేస్తే ఈపాటికి ఒక ఆవు అయ్యేది."

ముందు ఎర్మెక్ నవ్వాడు. తర్వాత జిపారా. కుందుజ్ నవ్వలేదు, కళ్లు మాత్రం రుమాలు చెంగుతో ఒత్తుకుంది. పళ్లెం ఆవిడే తీసింది.

"చల్లారిపోతోంది. తినాలనుంటే అక్కడ కూచుని తిను, అందరూ చూస్తుండగా. ఇలా పాక వెనకాల తింటే దొంగతనం అంటారు."

గుడారంలోకి ముందు కుందుజ్, వెనక జిపారా వెళ్లారు. కుందుజ్ పళ్లెం జిపారా ముందు పెట్టి, టీ గిన్నె నింపి పక్కన ఉంచింది. ఆవిడ టీ పోసిందంటే ఇక ఎవరికీ అడగడానికి ఏమీ మిగల్లేదు. నాజిక్ ఒక్కతే, "నేను సరిగ్గానే పెట్టానుగా మరి," అని గొణుక్కుంది.

జిపారా తిన్నది. అంచున ఉన్న మెత్తటి ఎముకతో సహా తిన్నది. ప్రతి ముద్దకీ ఒకటే గుబులు. ఎర్మెక్‌కి చెప్పాలి. ముల్లా నోరు తెరిచేలోపు చెప్పాలి.

*

చెప్పే వీలే దొరకలేదు.

భోజనాలు అయ్యీ కాకుండానే ఆడవాళ్లు చుట్టూ చేరారు. నల్ల రుమాలు విప్పారు, నల్ల గౌను విప్పారు, గళ్ల గౌను తొడిగారు. ఏడాదిగా మెడకి అంటుకుపోయిన బరువు తీసేస్తే, హాయిగా ఉండాల్సింది పోయి చలేసింది జిపారాకి. వాడి కోసం వేసుకున్నది తీసేస్తే వాణ్ణి తీసేసినట్టు అనిపించింది.

తెల్ల రుమాలు బూబూష్ కట్టింది. ముసలి వేళ్లు గడ్డం కింద ముడి వేశాయి. ఏమన్నా అంటుందేమోనని జిపారా ఆ మొహంలోకి చూసింది. ఆమె అరచేత్తో జిపారా చెంప ఒకసారి నిమిరి, వెళ్లి తన చోట కూచుంది.

అంతలో గుమ్మం దుప్పటి పైకి లేచింది. ముల్లా, ఆయన వెనక ఇద్దరు పెద్దవాళ్లు, వాళ్ల వెనక ఎర్మెక్. అప్పటికే మాట్లాడేశాడు. మొహం చూస్తేనే తెలుస్తోంది. పెళ్లినాడు వచ్చినట్టే వచ్చాడు, చెవులు ఎర్రబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా.

జిపారా అతని కళ్లని పట్టుకోవాలని చూసింది. అతను సిగ్గుతో పైకి చూడటం లేదు.

ముల్లా ఇంకా నడివయసు రాని మనిషి. కూచుని, తిలెక్ పేరు చెప్పి దువా చేశాడు. అందరూ అరచేతులతో మొహాలు తుడుచుకున్నారు.

"ఇలాంటి రోజున మంచి మాట వినడం నాకు సంతోషమే," అన్నాడు. "కలిసి ఏడ్చినవాళ్లు కలిసి బతకడం కంటే ఇంకేం కావాలి. కానీ నేనడగాల్సింది అడగాలి. తప్పు పట్టుకోవద్దు. ఎర్మెక్, ఆ మాట ఎన్నిసార్లు అన్నావు?"

"ఒక్కసారే."

"బాగా గుర్తు తెచ్చుకునే చెప్తున్నావా?"

"ఎలా మరిచిపోతాను ముల్లాగారూ? ఆ ఒక్కసారికే నాలుగేళ్లు నిద్రపట్టలేదు."

ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది. ముల్లా తల ఊపి, జిపారా వైపు తిరిగాడు.

"విన్నది నువ్వు చెల్లీ. నువ్వు కూడా ఒక మాట చెప్పు. ఒక్కసారేనా?"

అవును అంటే సరిపోతుంది. మూడక్షరాలు. రాత్రికల్లా నికా అయిపోతుంది, రేపు పొద్దున ఈ ఇంట్లోనే లేస్తుంది, తలుపు చప్పుడైతే ఇద్దరూ కలిసి తల తిప్పుతారు.

కానీ ఆ మాట ఇంకో మనిషి కూడా విన్నాడు. బల్లకి అటువైపు కూచుని విన్నాడు. ఇంతమంది తిన్న భోజనం వాడిది. వాడి భోజనం మీద కూచుని, వాడు విన్నదాన్ని వినలేదనాలి.

జిపారా తడారిపోయిన పెదాలు కదిపింది. "ముల్లాగారూ, అది..."

"ఒక్కసారే."

గొంతు ఎటునుంచి వచ్చిందో ఎవరికీ ముందు తెలియలేదు. పొద్దుటి నుంచీ ఆ గొంతు ఎవరూ వినలేదు మరి. బూబూష్ నిటారుగా కూచుని ఉంది.

"మీకెలా తెలుసమ్మా?" అన్నాడు ముల్లా మర్యాదగా. "అది ఫోన్‌లో అన్న మాట."

"తిలెక్ చెప్పాడు. చలికాలం సెలవులకి వచ్చినప్పుడు, నా బొంతలో దూరి పడుకుని చెప్పాడు. నాన్న ఒక్కసారే అన్నాడు నానమ్మా, నేను పక్కనే ఉన్నా అని."

ఆడవాళ్లందరూ ముసలమ్మ వైపు తిరిగారు.

జిపారా అత్తగారినే చూస్తూ ఉండిపోయింది. వాడికి తెలుసు, ఒక్కసారి కాదని. అయితే వాడు అబద్ధం చెప్పాడా? అమ్మానాన్నల మధ్య తలుపు పూర్తిగా మూసుకుపోకూడదని, ఆ చిన్న బుర్రతో, బొంతలో దూరి, నానమ్మ చెవిలో అంత అబద్ధం చెప్పాడా?

లేకపోతే వాడు ఏమీ చెప్పలేదా? పరాయి గొర్రెని మంచులో తోలుకెళ్లి అప్పగించిన ఈ మనిషి, చేతిలో తస్బీ పట్టుకుని, పోయిన మనవడి పేరు మీద, ముల్లా మొహంలోకి చూస్తూ...

ముసలామె మొహంలో ఏమీ దొరకలేదు. తస్బీ పూసలు మాత్రం తిరగడం ఆగిపోయాయి.

ముల్లా గడ్డం నిమురుకున్నాడు. "పిల్లవాడు లేడు. వాడి మాట మీరు చెప్పడం సరిపోదమ్మా. విన్న మనిషి ఇక్కడే ఉంది, ఆమే చెప్పాలి."

ఎర్మెక్ అప్పుడు తల ఎత్తాడు. జిపారా మొహం చూశాడు. చెవుల్లోని ఎరుపు మెల్లగా దిగిపోయింది. ఏదో వెతుక్కుంటున్నట్టు, నాలుగేళ్ల వెనక్కి, ఆ కొండ మీదికి, ఆ ఫోన్ దగ్గరికి వెళ్లినట్టు అతని కళ్లు ఒక్కచోటే ఆగిపోయాయి.

"చెప్పు చెల్లీ," అన్నాడు ముల్లా. "నీ కొడుకు చెప్పింది నిజమేనా?"

జిపారా లేచి నిలబడింది.